ముప్పావు గంట పురుగు: జయాంటీ ఇసుక నేలల్లో మూడు రోజులు

వేరుశనగ వేసే ఊళ్ళలో వేరుపురుగు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. తొలకరి పడిన సాయంత్రం గోధుమరంగు పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్ల మీద వాలతాయి. వాటి పిల్లలే మట్టిలో కొడవలిలా వంకర తిరిగి, తెల్లటి ఒంటితో, ఎర్రటి తలతో వేళ్ళు కొరికి చేను ఎండబెట్టేవి. ఆ ఉపకుటుంబంలోనిదే ఒక చుట్టం కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఇక్కడ మందు కొట్టి చంపే పురుగు చుట్టాన్ని అక్కడ పర్మిట్ లేకుండా పట్టుకుంటే ఫెడరల్ నేరం.

దాని పేరు మౌంట్ హెర్మన్ జూన్ బీటిల్. 1938లో మాంట్ కేజియర్ అనే కీటక శాస్త్రవేత్త వర్ణించి పాలీఫిల్లా బార్బాటా అని పేరు పెట్టాడు. పాలీఫిల్లా అంటే చాలా రేకులది, బార్బాటా అంటే గడ్డం గలది. రెండు మాటలూ ఒంటి మీద కనిపించేవాటినే చెబుతాయి. మీసం కొసన విసనకర్రలా విచ్చుకునే రేకులు మగదానికి 7, ఆడదానికి 5. నల్లటి తల, ముదురు గోధుమ రంగు రెక్కపెంకులు, వాటి మీద అక్కడక్కడా పొడవాటి నూగు. పొడవు సుమారు 20 మిల్లీమీటర్లు. 1997 జనవరి 24న దీన్ని అమెరికా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. అదే ఉత్తర్వులో అదే ఇసుకలో బతికే ఒక మిడత కూడా చేరింది.

శాన్ హోసే, సన్నీవేల్ వైపు ఉండే తెలుగువాళ్ళు బీచికి పోతూ హైవే 17 మీద ఈ పురుగు ఇలాకా పక్కనుంచే పోతుంటారు. దూరం పెద్ద సమస్య కాదు. వేళ కుదర్చుకోవడమే కష్టం. పురుగు ఎగిరేది మే నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకు, అదీ రాత్రి సుమారు 8:45 నుంచి 9:30 దాకా, ముప్పావు గంట. జూన్ ఆఖరి వారంలో అక్కడ పొద్దుగుంకేది 8:30కి. కౌంటీ పార్కులు, స్టేట్ పార్కు ట్రెయిళ్ళు పొద్దుగుంకడంతో మూస్తారు. అంటే పురుగు లేచే వేళకి మామూలు సందర్శకులు గేటు బయట ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: పగలంతా తిరిగి, పురుగు లేవబోయే పావుగంట ముందు కారెక్కి వెళ్ళిపోతారు.

దీనికి చట్టబద్ధమైన దారి ఒకటే, ఇసుక నేలలో క్యాంపు వేయడం. హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో పురుగు ఉన్నట్టు రికార్డు ఉంది. దాని క్యాంపుగ్రౌండ్ పార్కు ప్రధాన ద్వారం దగ్గర కాదు, విడిగా గ్రాహమ్ హిల్ రోడ్డు మీద ఉంది. వేసవి వారాంతాలకి చోటు ఆరు నెలల ముందే రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైటులో పట్టుకోవాలి. రెండు రాత్రులు తీసుకోండి. ఒక్క రాత్రి మీద పందెం కాయొద్దు, ఎందుకో రెండో రోజు దగ్గర వస్తుంది.

మొదటి రోజు, శుక్రవారం

శాన్ హోసేలో మధ్యాహ్నం 2 లోపే బయల్దేరాలి. 3 దాటితే హైవే 17 కొండ మలుపుల్లో బంపర్లు ఒరుసుకుంటూ పాకాలి. స్కాట్స్ వ్యాలీలో మౌంట్ హెర్మన్ రోడ్డు ఎగ్జిట్ తీసుకుని ఫెల్టన్ వైపు సాగితే ఆ రోడ్డు గ్రాహమ్ హిల్ రోడ్డుకి తగిలి ఆగుతుంది. ఎడమకి తిరిగితే రెండు మూడు మైళ్ళలో కుడి చేతి వైపు క్యాంపుగ్రౌండ్. కావలసిన సామాన్లు స్కాట్స్ వ్యాలీలోనే కొనుక్కోండి. అక్కడ దాటాక ఫోను సిగ్నల్ వస్తుందో లేదో చెప్పలేం కాబట్టి మ్యాపులు ముందే దింపుకోవడం మంచిది.

దారిలో రోడ్డు కోసిన గట్లు చూస్తూ వెళ్ళండి. చుట్టూ రెడ్‌వుడ్ అడవి, నల్లటి నీడ. మధ్యలో ఉన్నట్టుండి గట్టు తెల్లబడుతుంది. అదే శాంటా మార్గరీటా ఇసుకరాయి. కోటి ఏళ్ళకి పైగా కిందట ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది, ఆ అడుగుకి చేరిన ఇసుక ఇది. ఇందులో సొరచేప పళ్ళు, సాండ్ డాలర్లు అనే సముద్ర జీవుల బిళ్ళలు ఇప్పటికీ దొరుకుతాయి. రాయి చివికి ఏర్పడ్డ నేలకి జయాంటీ సాయిల్ అని పేరు. ఫెల్టన్, బెన్ లోమండ్, స్కాట్స్ వ్యాలీ, మౌంట్ హెర్మన్, బానీ డూన్ చుట్టూ అడవి సముద్రంలో లంకల్లా ఈ తెల్ల నేల ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

టెంటు వేసుకుని 5 గంటల ప్రాంతంలో పైన్ ట్రెయిల్ మీదుగా అబ్జర్వేషన్ డెక్‌కి నడవండి. ఎక్కువ ఎక్కుడు లేదు గానీ ఇసుకలో అడుగు వెనక్కి జారుతుంది, మైలు నడక మైలున్నరలా తోస్తుంది. చెప్పులు పనికిరావు. ఇసుక వేడెక్కి ఉంటుంది, అంచుల్లో ఒంటికి తగిలితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఓక్ మొక్క ఉంటుంది. మూడేసి ఆకుల గుత్తి ఏది కనపడినా తాకకుండా ఉండడమే క్షేమం.

డెక్ చుట్టూ ఉన్న పొడవాటి చెట్లు పాండరోసా పైన్లు. సూదులు మూడేసి కట్టగా, బెరడు పలకలు పలకలుగా ఉంటుంది. మామూలుగా ఇవి సియెర్రా నెవాడా కొండల మీద, ఎంతో ఎత్తున పెరిగే చెట్లు. ఇక్కడ సముద్రానికి అంత దగ్గరగా, వెయ్యి అడుగుల లోపు ఎత్తులో నిలబడ్డాయి. కారణం కాళ్ళ కిందే ఉంది. ఇసుక గుప్పెట పట్టి గట్టిగా పిండి విప్పండి, ముద్ద నిలవదు. ఈ కొండల్లో ఏడాదికి 40 అంగుళాలకి పైగా వాన పడుతుంది, దాదాపు అంతా చలికాలంలోనే. పక్కనే ఉన్న బంకకలిసిన మట్టి ఆ నీళ్ళని వేసవికి దాచి రెడ్‌వుడ్‌లని పెంచుతుంది. ఈ ఇసుక జల్లెడలా కిందికి వదిలేస్తుంది. పైన కరువు, అడుగున ఊట. స్కాట్స్ వ్యాలీ బోర్లకి, శాన్ లొరెంజో లోయ బోర్లకి నీళ్ళు ఆ ఊట నుంచే వస్తాయి. ఆకుకుళ్ళు లేని, సారం లేని, ఎండ సూటిగా తగిలే ఈ నేలలో రెడ్‌వుడ్ నిలవలేదు కాబట్టే పాండరోసాకి చోటు దొరికింది. పురుగు కూడా ఆ వదులు ఇసుకనే నమ్ముకుంది. తవ్వడానికి సులువు, వానాకాలంలో నీళ్ళు నిలిచి పిల్లపురుగు కుళ్ళిపోయే భయం తక్కువ.

7:30 కల్లా వంట ముగించండి. 8:15కి దీపాలన్నీ ఆర్పేయాలి. లాంతరు, క్యాంపు మంట, ఫోను తెర కూడా. తల టార్చికి ఎర్ర లైటు ఉంటే అది చాలు, లేకపోతే ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. సైటులోనే, చెట్ల మధ్య ఇసుక తేలి కనిపించే వైపు తిరిగి, పడమటి వెలుగు ఎదురుగా ఉండేలా నేల మీద కూర్చోవాలి. కుర్చీలో కూర్చుంటే దొరకదు. పురుగు నేలకి దగ్గరగా ఎగురుతుంది, కళ్ళు ఆ ఎత్తుకి దిగితేనే ఆకాశం మీద దాని నీడ పడుతుంది. ముందు వినిపించేది చప్పుడే, బరువైన పెంకుపురుగు ఎగిరే ఆ బొయ్యిమనే మోత. తర్వాత అడ్డదిడ్డంగా, నేలని వెతుకుతున్నట్టు సాగే ఒక నల్ల చుక్క.

వెతుకుతున్న మాట నిజమే. ఎగిరేవన్నీ మగవి. ఆడది బొరియ మూతి దగ్గరే ఉండి వాసన వదులుతుంది. మగదాని మీసం మీది ఆ 7 రేకులు ఆ వాసన పట్టడానికే. జత కట్టాక ఆడది బొరియలోకే దిగి, అడుగున గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. మగది 9:30 అయ్యేసరికి ఆకుచెత్తలోకో ఇసుకలోకో దూరి మర్నాటి సాయంత్రం వరకు పడుకుంటుంది. దాని రెక్కల బతుకు మహా అయితే ఒక వారం. పెద్దయ్యాక తిండి తింటున్న జాడలు కూడా లేవు. తినడమంతా పిల్లపురుగు దశలో, మట్టి కింద వేళ్ళ మీద, రెండు మూడేళ్ళ పాటు జరిగిపోతుంది. అంటే డెక్ దాకా నడిచిన ఇసుక కింద ఎక్కడ ఏది ఉందో తెలియదు. దారి తప్పి అడుగు వేయొద్దని బోర్డులు పెట్టేది అందుకే.

పురుగుని తాకకూడదు, డబ్బాలో మూయకూడదు, తెల్ల గుడ్డ కట్టి లైటు పెట్టి పిలవకూడదు. ఆ పద్ధతి సర్వే చేసేవాళ్ళది, వాళ్ళకి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు పర్మిట్ ఉంటుంది. బాత్‌రూమ్ దీపం కింద పడి గిరగిరా తిరుగుతున్న పురుగు కనిపిస్తే ఫోటో తీయొచ్చు, కానీ ముందు అది ఏదో తేల్చుకోండి. టెన్ లైన్డ్ జూన్ బీటిల్ అనే అన్నగారు ఒకడున్నాడు. అదే ప్రజాతి, అమెరికా పడమటంతా మామూలుగా దొరుకుతుంది, దీపానికి వస్తుంది, కదిపితే బుస్సుమంటుంది. దాని వీపు మీది తెల్ల చారలు ముగ్గు గీతల్లా తెగకుండా సాగుతాయి, ఒళ్ళు కూడా పెద్దది, 30 మిల్లీమీటర్లు దాటొచ్చు. మౌంట్ హెర్మన్ పురుగు చారలు చెరిగిన ముగ్గులా తుంపులు తుంపులుగా ఉంటాయి, నూగు ఎక్కువ. మౌంట్ హెర్మన్ పురుగని పోస్టు చేసే ఫోటోల్లో అన్నగారివీ ఉండొచ్చు. పైనుంచి, పక్కనుంచి, మీసం కనిపించేలా మూడు ఫోటోలుంటే ఎవరికైనా చూపించి అడగొచ్చు. ఒక్క ఫోటోతో వాదనే మిగులుతుంది.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే క్వెయిల్ హాలో రాంచ్ కౌంటీ పార్కు. ఫెల్టన్ నుంచి కారులో పది పన్నెండు నిమిషాలు. సుమారు 300 ఎకరాలు. ఒకప్పుడు సన్‌సెట్ పత్రిక నడిపిన లేన్ కుటుంబానిది. కుక్కల్ని రానివ్వరు. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు ఉండాలి, పైన నీడ తక్కువ.

కింద చెరువు, ఓక్ చెట్లు, పచ్చిక. ఎక్కుతూ ఇసుక మొదలయ్యే చోటు గీత గీసినట్టు తెలుస్తుంది. బూడిద పచ్చని ఆకులతో, ఎర్రటి నున్నటి కొమ్మలతో ఉన్న పొద సిల్వర్‌లీఫ్ మాంజనీటా, ఈ ఇసుక దాటి బయట కనిపించదు. దారి పక్కన చాపలా పరుచుకుని, ముట్టుకుంటే గుచ్చుకునే గులాబీ రంగు పూల మొక్క బెన్ లోమండ్ స్పైన్‌ఫ్లవర్. శాంటా క్రూజ్ వాల్‌ఫ్లవర్ పసుపు పూలు కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో రావాలి. జూన్‌లో కాయలే మిగులుతాయి. పువ్వు కోసం వస్తే పురుగు ఉండదు, పురుగు కోసం వస్తే పువ్వు ఉండదు. రెండూ కావాలంటే మే ఆఖరి వారం ఒక రాజీ, అయినా రెండింటిలోనూ సగమే దొరుకుతుంది.

ఇసుక నేలంతా ఒకటి కాదు. పొదలు కమ్మిన భాగాన్ని సాండ్ చాపరల్ అంటారు. అక్కడొక పాండరోసా, ఇక్కడొక పాండరోసా నిలబడి, మధ్యలో ఖాళీ ఇసుక, చిన్న చిన్న మొక్కలు ఉండే భాగం సాండ్ పార్క్‌ల్యాండ్. ఆ రెండోది మరీ అరుదు, కొన్ని వందల ఎకరాలే మిగిలింది. పురుగుతో పాటు జాబితాలో చేరిన జయాంటీ మిడత ఉండేది అలాంటి ఎండ ఇసుకలోనే. పదిన్నర తర్వాత, ఇసుక వేడెక్కాక చూడాలి. కూర్చుంటే ఇసుకలో కలిసిపోతుంది. లేచినప్పుడు మాత్రం వెనక రెక్కల లేత పసుపు మెరిసి చిటచిటమంటుంది. జూన్‌లో తక్కువ, జులై ఆగస్టుల్లో ఎక్కువ. అలాంటి ముక్కల్లో కొన్నింటికి కంచె కట్టి మూసి ఉంచుతారు, గైడుతో నడకలు ఉంటే వాటిలోనే వెళ్ళాలి.

నిప్పుని ఆపడం మంచి పనే అనుకుంటాం. ఇక్కడ ఆపిన కొద్దీ పొదలు చిక్కబడ్డాయి, రాలిన సూదులు, ఆకులు మెత్తలా పేరుకుని ఇసుకని కప్పేశాయి. కప్పిన ఇసుకలో స్పైన్‌ఫ్లవర్ విత్తనం లేవదు, మిడతకి చోటు లేదు. దానికి తోడు కలుపు. రోడ్డు పక్కన పసుపు పూలతో కనిపించే ఫ్రెంచ్ బ్రూమ్, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన తుమ్మ జాతి చెట్లు, రెండూ చిక్కుడు కుటుంబానివే. గాలిలోని నత్రజనిని వేళ్ళలో కట్టి నేలకి సారం చేరుస్తాయి. మన పొలానికైతే వరమే. పేద నేలకే అలవాటు పడ్డ మొక్కలున్న చోట ఆ సారం పరాయి గడ్డికి దారి ఇస్తుంది.

పార్కు చుట్టుపక్కల కొండకి తెల్లటి పెద్ద గంట్లు ఉంటాయి. ఇసుక క్వారీలు. మన దగ్గర ఇసుక ర్యాంపంటే గోదావరో కృష్ణో గుర్తొస్తుంది. తవ్వినచోట వరద మళ్ళీ కొంత తెచ్చి పోస్తుంది. ఇది సముద్రం కోటేళ్ళ కిందట పెట్టి వెళ్ళిన ఇసుక, తెచ్చి పోసే ఏరు లేదు. తవ్వకం, ఇళ్ళు, రోడ్లు కలిపి మొదట ఉన్న నేలలో దాదాపు 40 శాతం పోయింది. సుమారు 4,000 ఎకరాలు మిగిలింది, అదీ ముక్కలుగా. మగది రోడ్డు మీదుగా ఎగిరి అవతలకి చేరగలదు. ఆడది బొరియ విడిచి దూరం పోదు కాబట్టి, ఒక ముక్కలో పురుగు నశిస్తే పక్క ముక్క నుంచి కొత్త కాపురం వచ్చే ఆశ చాలా తక్కువ.

మధ్యాహ్నం మౌంట్ హెర్మన్, స్కాట్స్ వ్యాలీ వీధుల్లో కారులో ఒక చుట్టు తిరగండి. పురుగు ఉన్న నేలలో ఇళ్ళు కూడా ఉన్నాయి, కొన్నింటి పెరట్లోనే పురుగు లేస్తుంది. ఇక్కడ ఇల్లు కట్టినా, ఉన్నదానికి ఒక గది కలిపినా పోగొట్టే ఇసుకకి బదులు చెల్లించాలి. చిన్న నిర్మాణాల కోసం కౌంటీ, స్కాట్స్ వ్యాలీ నగరం కలిసి 2011లో తెచ్చిన ప్రణాళిక ప్రకారం, జయాంటీ సాండ్‌హిల్స్ కన్జర్వేషన్ బ్యాంకులో క్రెడిట్లు కొనాలి. ఆ డబ్బుతో వేరేచోట ఇసుక నేలని శాశ్వతంగా కాపాడతారు. పనిలో పాటించాల్సిన షరతులు చూస్తే పురుగు అలవాట్లు పూర్తిగా అర్థమవుతాయి. మే 15 నుంచి ఆగస్టు 15 దాకా తవ్విన మట్టిని రాత్రి 7 నుంచి పొద్దున 7 వరకు టార్పాలిన్ లాంటిదానితో కప్పాలి. లేకపోతే వదులుగా ఉన్న మట్టి చూసి మగవి అందులోనే దూరతాయి, పొద్దున్నే జేసీబీ వాటి మీదికి దిగుతుంది. పెరట్లో పచ్చిక పట్టా, కలుపు రాకుండా పరిచే గుడ్డ, కంకర, చెక్కపొట్టు వేయకూడదు. పైకి రావలసిన పురుగు వాటి కింద ఇరుక్కుంటుంది. వాకిట్లో దీపం ఆ మూడు నెలలూ పొద్దుగుంకాక ఆర్పేయాలి, తప్పదంటే పురుగుల్ని తక్కువ లాగే పసుపు బల్బు. రాత్రంతా వెలిగే తెల్ల బల్బు దగ్గర ఒక మగది గోడకి కొట్టుకుంటూ గడిపే ప్రతి సాయంత్రం, దాని వారం రోజుల బతుకులో ఏడో వంతు.

సాయంత్రం మళ్ళీ క్యాంపు. రెండో రాత్రి ఎందుకంటే పొగమంచు. జూన్‌లో మాంటెరే అఖాతం నుంచి 6, 7 గంటలకే మంచు కొండ ఎక్కే రోజులుంటాయి. చలి, గాలి ఉన్న సాయంత్రం ఎగురుడు బాగా తగ్గిపోతుంది. మొదటి రోజు మంచు కమ్మితే నిరాశ పడొద్దు. లోపలి లోయల్లో ఎండ బాగా కాసి, సాయంత్రం స్వెట్టరు లేకుండా కూర్చోగలిగిన రోజు సరైనది. జూన్ ఆఖరు నుంచి జులై నడిమి దాకా అలాంటివి ఎక్కువ. పక్క సైటులో లాంతరు వెలుగుతుంటే మర్యాదగా ఒక ముప్పావు గంట ఆర్పమని అడగండి. ఎందుకో చెబితే చాలాసార్లు వాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. 10 నుంచి నిశ్శబ్ద వేళలు, అప్పటికి పురుగు పని కూడా అయిపోతుంది.

మూడో రోజు, ఆదివారం

ఇది పురుగు కోసం కాదు, నిప్పు తర్వాత ఇసుక నేల ఏమవుతుందో చూడడానికి. ఫెల్టన్ ఎంపైర్ రోడ్డు నిటారుగా ఎక్కి, ఎంపైర్ గ్రేడ్ దాటాక ఐస్‌క్రీమ్ గ్రేడ్ అవుతుంది. అక్కడి నుంచి మార్టిన్ రోడ్డు మీద బానీ డూన్ ఎకొలాజికల్ రిజర్వు, 552 ఎకరాలు. 2008లో మార్టిన్ ఫైర్, 2020 ఆగస్టులో పిడుగులతో మొదలైన సీజెడ్‌యూ కార్చిచ్చు, రెండూ దీన్ని తాకాయి. సిల్వర్‌లీఫ్ మాంజనీటా మోడు నుంచి మళ్ళీ చిగురించదు. కాలిందంటే చచ్చినట్టే. కానీ నేలలో ఏళ్ళ తరబడి పడున్న విత్తనాలు నిప్పు తర్వాతే మొలుస్తాయి. అందుకే నల్లటి ఎండు కొమ్మల కింద ఒకే ఈడు మొక్కలు నారుమడిలా కనిపిస్తాయి. శాంటా క్రూజ్ సైప్రస్ కూడా ఇక్కడే. దాని కాయలు జిగురుతో మూసుకుని ఉండి వేడికి విచ్చుకుంటాయి. కాలిన చెట్ల కొమ్మలు గాలికి విరిగి పడతాయి కాబట్టి గాలి రోజున ఇటు రావద్దు.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే శాంటా క్రూజ్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం, బయట తిమింగలం బొమ్మ ఉన్నదే. ఈ కొండల్లోనే దొరికిన సముద్రపు ఆవు శిలాజం అందులో ఉంది. రెండు రోజులు నడిచిన ఇసుక ఒకప్పుడు దాని కడుపు కింద ఉండేది. అరగంట చాలు. 3 దాటితే బీచి జనమంతా హైవే 17 మీదే ఉంటారు.

బానీ డూన్‌లో కారెక్కే ముందు, నిన్న క్వెయిల్ హాలోలో కూడా అంతే, బూట్లు విప్పి గట్టి బ్రష్‌తో అడుగున ఉన్న గాడులు తోమి, సాక్సులు దులిపి, ఇసుకని వచ్చిన చోటే వదిలేయాలి. బ్రూమ్ విత్తనం ఇసుక రేణువంత చిన్నది కాకపోయినా బూటు గాడిలో ఇరుక్కునేంత చిన్నదే. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి అది సులువుగా చేరేది మనుషుల కాళ్ళతోనే. డిక్కీలో పాత దువ్వెన ఒకటి పెట్టుకోండి, సాక్సులకి పట్టిన స్పైన్‌ఫ్లవర్ ముళ్ళు చేత్తో రావు.